అరవయ్యో నంబరు బిబ్‌తో బయలుదేరే అమ్మాయి ఏం చేయగలదు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయికి 17 ఏళ్లు. యూత్ ఒలింపిక్స్ తరహా అంతర్జాతీయ స్కీయింగ్ పోటీకి స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లలో ఎంపికైంది. మంచు వాలు మీద పాతిన గేట్ల, అంటే స్తంభాల, మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీలివి, స్లాలమ్‌లో గేట్లు దగ్గరదగ్గరగా, జెయింట్ స్లాలమ్‌లో కాస్త దూరంగా ఉంటాయి. వాటికంటే వేగమైన సూపర్-జీకి కూడా పేరు ఇద్దామని కోచ్ అంటున్నారు. ఇప్పుడున్న పాయింట్లను బట్టి ఆమె బిబ్, అంటే బయలుదేరే వరుసను చెప్పే ఛాతీ మీది నంబరు, 55కీ 65కీ మధ్య పడేలా ఉంది. అంత వెనక నుంచి, ముందువాళ్లు చెక్కేసిన మంచు మీద దిగితే ప్రయోజనం ఉంటుందా, మిగిలిన ఈ కొద్ది వారాల్లో దేని మీద శ్రద్ధ పెట్టాలి అన్నది మీ సందేహం.

ఈ వయసు పిల్లలకు కోచ్‌గానూ, ఆ తర్వాత జ్యూరీలోనూ చాలా కాలం కోర్సు పక్కన నిలబడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ప్రయోజనం తప్పకుండా ఉంటుంది. కాకపోతే అయిదో నంబరుతో బయలుదేరే అమ్మాయి పరుగెత్తే రేసు ఒకటి, మీ అమ్మాయి పరుగెత్తేది ఇంకొకటి. ఆమె తన రేసుకు సిద్ధం కావాలి. ఈ స్థాయి పిల్లలను పంపే చాలామంది కోచ్‌లు మొదటి రకం రేసుకే శిక్షణ ఇస్తారు. ఉదయాన్నే గట్టిగా, నున్నగా ఉన్న మంచు మీద పది గేట్లు పెట్టి, ఎవరు ఎంత వేగంగా దిగారో చూసుకుని ఇంటికి వెళ్లిపోతారు. రేసు రోజున అలాంటి మంచు ఆమెకు దొరకదు.

ముందు ఎవరితో పోటీ పడుతోందో చూడండి. 2012లో ఇన్స్‌బ్రుక్‌లో, 2016లో లిల్లెహామర్‌లో, 2020లో లౌసాన్‌లో, 2024లో దక్షిణ కొరియాలోని గాంగ్వాన్‌లో యూత్ వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. ఆల్పైన్ విభాగంలో, అంటే ఈ స్లాలమ్ తరహా పోటీల్లో, ఎక్కువమంది 16, 17 ఏళ్ల పిల్లలే. ఒక్కో దేశానికి కొద్ది స్థానాలే ఇస్తారు. అందువల్ల ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ల నుంచి ముగ్గురు నలుగురు మెరికలు వస్తారు, వాళ్ల వెనకనే ఏడాదికి కొద్ది వారాలు మాత్రమే మంచు చూసే దేశాల పిల్లలు వరుసలో ఉంటారు. పట్టికలో పై నుంచి కింది దాకా తేడా చాలా ఎక్కువ. ఇది మీ అమ్మాయికి ఒక రకంగా మేలే. ఆమె చుట్టూ బయలుదేరేవారు దాదాపు ఆమె స్థాయి వాళ్లే. ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌లో వయసు 20 దాకా అనుమతిస్తారు, అక్కడ ఇంత ఊపిరి ఆడదు.

పతకాల గురించి అడగలేదు గాని, ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు కాబట్టి చెబుతున్నాను. 2016లో అమెరికాకు చెందిన రివర్ రాడమస్ మూడు స్వర్ణాలు గెలిచాడు. పెద్దల ఒలింపిక్స్‌లో, 2022 బీజింగ్‌లో, జెయింట్ స్లాలమ్‌లో నాలుగో స్థానంతో ఆగాడు. 2012లో స్లాలమ్ స్వర్ణం గెలిచిన స్లొవేకియా అమ్మాయి పెట్రా వ్లొవా అదే బీజింగ్‌లో అదే స్లాలమ్‌లో ఒలింపిక్ చాంపియన్ అయింది. ఈ వయసులో వచ్చిన ఫలితాన్ని పట్టుకుని జాతకం చెప్పేవాళ్ల మాట వినకండి, అది ఇటువైపు జాతకమైనా అటువైపు జాతకమైనా సరే.

ఇక బిబ్ సంగతి. స్టార్ట్ వరుసను అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య, అంటే ఎఫ్ఐఎస్, ఇచ్చే పాయింట్లు తేలుస్తాయి. పాయింట్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మొదటి 15 మందికి మాత్రం లాటరీ తీస్తారు, ఆ తర్వాతివారంతా పాయింట్ల వరుసలోనే దిగుతారు. కాబట్టి 60వ నంబరు రావడం దురదృష్టం కాదు, ఇప్పటిదాకా ఆమె రేసులు చెప్పిన లెక్క. ఆ లెక్కను మార్చుకునే అవకాశాలలో ఈ పోటీ కూడా ఒకటి. ఎలా మారుతుందో తర్వాత చెబుతాను.

రెండో రన్ వరుస దగ్గరే అసలు ఆశ ఉంది. మొదటి రన్‌లో తొలి 30 స్థానాల్లో ఉన్నవారు రెండో రన్‌లో తిరగేసిన వరుసలో దిగుతారు, అంటే 30వ స్థానంలో ఉన్నవారు అందరికంటే ముందు. 31వ స్థానం నుంచి మాత్రం తిరగేయడం ఉండదు, ఉన్న వరుసలోనే వెళ్లాలి. జ్యూరీ కావాలనుకుంటే ఈ 30ని 15కు తగ్గించవచ్చు, ఆ సంగతి మొదటి రన్‌కు గంట ముందే ప్రకటించాలి. టీమ్ కెప్టెన్ల సమావేశానికి వెళ్లే వ్యక్తిని ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోమనండి. వరుస ఎంత తేడా తెస్తుందో వ్లొవా స్వర్ణమే చెబుతుంది. బీజింగ్‌లో ఆమె మొదటి రన్ తర్వాత ఎనిమిదో స్థానంలో ఉంది, దాంతో రెండో రన్‌లో పైనున్న ఏడుగురి కంటే ముందే దిగింది. చివరికి సెకనులో 8 వందో వంతుల తేడాతో గెలిచింది. మంచు ఒక్కటే గెలిపించిందని అనను, ఆ రెండో రన్ అద్భుతంగా దిగింది. కానీ ఎనిమిది వందో వంతులంటే స్లాలమ్ వేగంలో మీటరు కూడా ఉండదు.

ఇప్పుడు మీ అమ్మాయి లెక్క చూద్దాం. ఈ పోటీల్లో స్లాలమ్‌కు డెబ్బై ఎనభై మంది బయలుదేరితే మూడో వంతు మంది, కోర్సు కష్టంగా ఉన్న రోజున సగం మంది కూడా, రెండు రన్‌లూ ముగించరు. గేటు తప్పుతారు, పడిపోతారు, స్కీ ఊడిపోతుంది. పెద్దవాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ అంతటి ఆమె 2022 బీజింగ్‌లో జెయింట్ స్లాలమ్‌లోనూ స్లాలమ్‌లోనూ మొదటి రన్ మొదటి కొద్ది గేట్లలోనే బయటికి వెళ్లిపోయింది. అంటే 60వ నంబరుతో దిగిన అమ్మాయి మొదటి రన్ శుభ్రంగా ముగిస్తే చాలు, ఎవరినీ వేగంతో దాటకుండానే నలభైల్లోకి వస్తుంది. కాస్త బాగా దిగితే ముప్ఫై దగ్గరికి వస్తుంది. ఆ ముప్ఫై గీత లోపల పడితే రెండో రన్‌లో తాజా మంచు మీద దిగే హక్కు వస్తుంది. ఆమె ముందు పెట్టవలసిన గురి ఇదే. పదో స్థానం, పదిహేనో స్థానం అని మాట్లాడి ఆమె నిద్ర పాడుచేయకండి.

మంచు గురించి. 60 మంది దిగాక గేటు చుట్టూ మట్టిబాటలో బండి చక్రాలు కోసినట్టు గాడి పడుతుంది. ఈ గాడికి రెండు గుణాలున్నాయి. ఒకటి, అది గేటుకు మరీ దగ్గరగా ఉండదు, తిరుగుడు మొదలయ్యే చోటికి కింద, కాస్త బయటికి ఉంటుంది. రెండు, దాని అడుగు గట్టిగా ఉంటుంది, అంచు మాత్రం పొడిపొడిగా రాలిపోతుంది. నున్నటి మంచు మీద నేర్చుకున్న పిల్లలు గేటుకు దగ్గరగా నేరుగా వెళ్లాలని చూసి, గాడిని అడ్డంగా కోసుకుంటూ పోతారు. గాడి అంచు తగలగానే స్కీ ఎగురుతుంది, బరువు వెనక్కి పోతుంది, తర్వాతి గేటుకు ఆలస్యమవుతుంది. అక్కడి నుంచి రెండు మూడు గేట్లలో పని అయిపోతుంది.

చేయవలసింది ఏమిటంటే గేటుకు పైనే, ఇంకా త్వరగా, తిరుగుడు మొదలుపెట్టాలి. గుండ్రంగా లోపలికి వచ్చి, గాడిలోకి పై నుంచి దిగి, దాని అడుగు మీద నిలబడాలి. అక్కడ స్కీ తనంతట తానే తిరుగుతుంది, నొక్కితే జారిపోతుంది. మోకాళ్లూ చీలమండలూ మెత్తగా, పైభాగం నిశ్చలంగా ఉండాలి. చెప్పడం తేలిక, అలవాటు కావడానికి గాడులు పడిన మంచు మీదే సాధన చేయాలి. మిగిలిన వారాల్లో సగం సాధన మధ్యాహ్నం, అందరూ తొక్కేసిన కోర్సు మీద పెట్టించండి. మరో జట్టు సాధన ముగించుకుని వెళ్లిపోతుంటే వాళ్ల గేట్లను అలాగే ఉంచమని అడగడం కూడా మంచి ఉపాయమే. కోచ్‌లు మామూలుగా కాదనరు.

ఇన్‌స్పెక్షన్ మీద ఈ వయసు పిల్లలు పెట్టే శ్రద్ధ చూస్తే నాకు కోపం వస్తుంది. రేసుకు ముందు జ్యూరీ ఇచ్చిన సమయంలో కోర్సు పక్క నుంచి జారుతూ దిగి చూసుకోవాలి. గేట్ల గుండా స్కీ చేయకూడదు, గేట్లకు సమాంతరంగా తిరుగుళ్లు తీస్తూ దిగినా తప్పే. బిబ్ కనిపించాలి. ఈ నియమం తప్పితే రేసు మొదలు కాకముందే పేరు కొట్టేస్తారు. చాలామంది పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఎనిమిది నిమిషాల్లో కిందికి చేరి కాఫీ తాగుతుంటారు. బాగా చూసే పిల్ల ఎలా చూస్తుందో చెబుతాను. వాలు విరిగే చోట, కింద ఏముందో కనిపించని గేటు దగ్గర ఆగుతుంది. రెండు గేట్లు పైకి చూస్తుంది, రెండు గేట్లు కిందికి చూస్తుంది. కళ్లు మూసుకుని అరచేయి అడ్డంగా పెట్టి ఎడమ, కుడి, ఎడమ, పొడవు, కుడి అని గాలిలో గీస్తుంది. తడబడితే మళ్లీ కళ్లు తెరిచి చూసి మళ్లీ గీస్తుంది. తడబాటు పోయేదాకా అక్కడి నుంచి కదలదు.

స్లాలమ్‌లో హెయిర్‌పిన్, ఫ్లష్ అనే నిలువు వరుసలు ఎక్కడున్నాయో, అందులోంచి బయటికి వచ్చాక మొదటి గేటు ఏ వైపున్నదో చెప్పగలగాలి. ఎక్కువమంది బయటికి పోయేది నిలువు వరుస లోపల కాదు, దాని తర్వాతి గేటు దగ్గర. జెయింట్ స్లాలమ్‌లో వాలు మారే చోట, మంచు రంగు మారే చోట గుర్తు పెట్టుకోవాలి. వెనక నంబరు అమ్మాయి మరో పని కూడా చేయాలి. ఏ గేటు దగ్గర లోతైన గాడి పడుతుందో ముందే ఊహించాలి. నిటారు వాలు మీద పెద్ద తిరుగుడు ఉన్న గేటు, వాలు చదునయ్యే ముందరి గేటు, ఈ రెండూ తప్పకుండా తవ్వుకుపోతాయి. రేసు సాగుతుండగా స్టార్ట్ దగ్గరికి రేడియోలో కోచ్ పంపే సమాచారం ఈ గేట్ల గురించే ఉండాలి. ‘ధైర్యంగా దిగు’ అని రేడియోలో అరిచే కోచ్ ఆమెకు ఏ సమాచారమూ ఇవ్వనట్టే లెక్క.

స్టార్ట్ గేటు దగ్గర ఒక చిన్న తేడా ఉంది. జెయింట్ స్లాలమ్, సూపర్-జీలలో స్టార్టర్ అయిదు నుంచి వెనక్కి లెక్కపెడతాడు. నిర్ణీత క్షణానికి అయిదు సెకన్ల ముందు నుంచి అయిదు సెకన్ల తర్వాత దాకా ఎప్పుడైనా బయలుదేరవచ్చు, స్టార్ట్ దగ్గర అడ్డంగా ఉన్న కర్రను కాలు నెట్టినప్పుడే గడియారం మొదలవుతుంది కాబట్టి తొందర అక్కర్లేదు. స్లాలమ్‌లో అంత కచ్చితమైన వ్యవధి ఉండదు, ముందు వ్యక్తి కింద ఉండగానే పిలుస్తారు, ఆజ్ఞ ఇచ్చాక పది సెకన్లలో వెళ్లిపోవాలి. వెనక నంబర్లను వేగంగా పంపుతారు. స్టార్ట్ దగ్గర జాకెట్ విప్పడం, బూటు బకిల్స్ బిగించడం మూడు నంబర్ల ముందే పూర్తి కావాలి.

మధ్యలో ఏదైనా జరిగితే ఏం చేయాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, కొండ మీద ఆలోచించే సమయం ఉండదు. గేటు తప్పితే జెయింట్ స్లాలమ్‌లోనూ సూపర్-జీలోనూ అక్కడితో ముగిసినట్టే, కోర్సు నుంచి తప్పుకోవాలి. స్లాలమ్‌లో మాత్రం పైకి ఎక్కి ఆ గేటు సరిగా దాటవచ్చు, వెనక వచ్చే వ్యక్తికి అడ్డం రానంత వరకు. పదిహేను సెకన్లు పోయినా ఎక్కమనే నేను చెబుతాను, సగం మంది పడిపోయే రోజున ఆ పదిహేను సెకన్ల ఆలస్యంతోనూ ఫలితాల్లో పేరు ఉంటుంది. గేటు సరిగా దాటడమంటే రెండు స్కీల కొనలూ, రెండు పాదాలూ గేటు గీతను దాటాలి. స్లాలమ్‌లో ఒక స్కీ స్తంభానికి అటు, ఒకటి ఇటు పోతే అది తప్పే, చూసేవారికి తెలియకపోయినా సరే.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఒక పోటీలో 61వ నంబరు అబ్బాయి జెయింట్ స్లాలమ్‌లో దిగుతుంటే, ముందు వెళ్లిన వ్యక్తి కొట్టేసిన గేటు ఇంకా నిలబెట్టలేదు. ఆ అబ్బాయి తడబడ్డాడు, సెకను పైనే పోయింది, అయినా దిగి ముగింపు గీత దాటాడు. అప్పుడు వచ్చి మళ్లీ దిగే అవకాశం ఇవ్వమని అడిగాడు. జ్యూరీలో మేమంతా అతని బాధ నిజమేనని ఒప్పుకున్నాం, అవకాశం మాత్రం ఇవ్వలేకపోయాం. అడ్డు తగిలిన వెంటనే కోర్సు వదిలి, దగ్గరున్న గేట్ జడ్జితో చెప్పాలి. ముగింపు గీత దాటితే ఆ రన్‌ను అంగీకరించినట్టే. మీ అమ్మాయికి ఈ ఒక్క నియమం కంఠతా రావాలి. వెనక నంబర్లకు కొట్టేసిన గేట్లు, కోర్సు మీద ఇంకా ఉన్న పనివాళ్లు ఎక్కువగా ఎదురవుతారు కాబట్టి ముఖ్యంగా వాళ్లకే ఇది కావాలి. తన పేరు అనర్హుల జాబితాలో కనిపించి అది తప్పనిపిస్తే, జాబితా పెట్టిన 15 నిమిషాల్లోపు నిరసన దాఖలు చేయాలి. ఆ పని జట్టు ప్రతినిధిది, మీది కాదు. మీరు గేట్ జడ్జితో వాదనకు దిగకండి.

సూపర్-జీ విషయంలో మీ కోచ్‌తో నేను ఏకీభవించను. అన్నిటికంటే వేగమైన డౌన్‌హిల్ యూత్ ఒలింపిక్స్‌లో ఉండదు. 1976లో ఆస్ట్రియా స్కీయర్ ఫ్రాంజ్ క్లామర్ ఒలింపిక్ డౌన్‌హిల్ గెలిచిన, ఇన్స్‌బ్రుక్ దగ్గరి పాట్షర్‌కోఫెల్ కొండ మీదే 2012 పోటీలు జరిగినా పిల్లలకు డౌన్‌హిల్ పెట్టలేదు. కాబట్టి అక్కడ అన్నిటికంటే వేగమైనది సూపర్-జీయే. దానికి ఒకే రన్. డౌన్‌హిల్‌లో లాగా ముందు సాధన రన్‌లు ఉండవు, ఇన్‌స్పెక్షన్‌లో చూసుకున్నదే ఆధారం. గాలిలోకి లేచే చోట్లు ఉంటాయి, అక్కడ ఎటు తిరిగి నేల మీద దిగాలో కళ్లకు కనిపించకముందే తెలిసి ఉండాలి. ఈ సీజన్‌లో ఆమె సూపర్-జీ స్కీల మీద నిజమైన పొడవున్న కోర్సులో తగినన్ని రోజులు దిగి ఉంటే సరే. లేకపోతే ‘అనుభవం వస్తుంది’ అనే కారణంతో పేరు ఇవ్వకండి. అక్కడ గాయమైతే తర్వాత రోజుల్లో ఉన్న స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండూ పోతాయి. సూపర్-జీకి స్లాలమ్ కలిపే కంబైన్డ్‌కు కూడా ఇదే మాట.

పరికరాల గురించి ఎక్కువ రాయను. స్లాలమ్ స్కీ అబ్బాయిలకు కనీసం 165, అమ్మాయిలకు 155 సెంటీమీటర్లు ఉండాలి. బూటును స్కీకి బిగించే బైండింగ్ కింది ప్లేటుతో కలిపి ఎత్తు 50 మిల్లీమీటర్లు, బూటు అడుగు 43 మిల్లీమీటర్లు దాటకూడదు. స్కీ అడుగున పూసే వ్యాక్స్‌లో ఫ్లోరిన్ ఉంటే 2023–24 సీజన్ నుంచి నిషేధం, పాత స్కీ బ్రష్షుల్లో మిగిలిన ఫ్లోరిన్‌తో కూడా పరీక్షలో దొరికిపోవచ్చు, కొత్త బ్రష్షులు కొనండి. ఖరీదైన వ్యాక్స్ కోసం పరుగులు పెట్టే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే, వెనక నంబరు వారికి వ్యాక్స్ కంటే ఎడ్జ్, అంటే స్కీ అంచు, పదును ఎక్కువ ముఖ్యం. ఇన్‌స్పెక్షన్‌లో రాయి తగిలితే రన్‌కు ముందు డైమండ్ ఫైల్‌తో సరిచేసుకోవడం ఆమెకు స్వయంగా రావాలి. అందరికీ టెక్నీషియన్ ఉండడు.

చివరగా, పోటీ తర్వాత మీరు ఏ అంకె చూడాలి. స్థానం చూసి లాభం లేదు, ఎంతమంది పడిపోయారన్న దాని మీద అది ఆధారపడుతుంది. గెలిచిన వ్యక్తి సమయానికి మీ అమ్మాయి సమయం ఎంత శాతం వెనక ఉందో చూడండి. ఎఫ్ఐఎస్ పాయింట్లు కూడా ఆ నిష్పత్తి మీదే నడుస్తాయి. ఆ శాతాన్ని ఒక స్థిర సంఖ్యతో గుణిస్తారు, స్లాలమ్‌కు 730, జెయింట్ స్లాలమ్‌కు 1010, సూపర్-జీకి 1190. జెయింట్ స్లాలమ్‌లో విజేత రెండు రన్‌లూ కలిపి 120 సెకన్లలో దిగి, మీ అమ్మాయి 132 సెకన్లలో దిగితే పది శాతం వెనక. అంటే 101 పాయింట్లు. స్లాలమ్‌లో అదే పది శాతానికి 73 వస్తాయి. వీటికి పోటీలో పాల్గొన్నవారి స్థాయిని బట్టి లెక్కించే పెనాల్టీ కలుస్తుంది. ఏడాదిలో ఒక్కో విభాగంలో వచ్చిన మంచి ఫలితాలు రెండింటి సగటే ఆమె ర్యాంకు పాయింటు. కాబట్టి ఒక్క మంచి రోజు కూడా వచ్చే సీజన్ బిబ్‌ను మార్చేస్తుంది. అరవైల్లోంచి నలభైల్లోకి జరిగితే గాడి లోతు తగ్గుతుంది.

మొదటి రన్‌కూ రెండో రన్‌కూ మధ్య రెండు మూడు గంటలు ఉంటాయి. ఆ సమయంలో ఆమెకు ఫోన్ చేయకండి. అప్పటికి ఆమె రెండో కోర్సు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాలి, తినాలి, స్కీ ఎడ్జ్ చూసుకోవాలి, కాళ్లు చల్లబడకుండా చూసుకోవాలి. రెండో కోర్సును మరో కోచ్ పెడతాడు, గేట్ల అమరిక పూర్తిగా వేరుగా ఉంటుంది, మొదటి రన్ సంగతి తలలో ఉంటే రెండోది చూడలేదు. మీరు ముగింపు ప్రాంగణంలో నిలబడండి. కోర్సు పక్కన నిలబడి అరిస్తే ఆమెకు వినపడదు, హెల్మెట్ లోపల గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు.